వచ్చినోళ్లను లెక్కపెడితే సరిపోదు: సర్కారు పంటి వైద్యం బడ్జెట్లు ఎందుకు తప్పుతయి

సంక్షిప్తంగా: పంటి వైద్యాన్ని సర్కారు స్కీముల పెట్టాలంటే ఎంత ఖర్చయితది అనే లెక్క చాలా దేశాల్లో తప్పింది, ఒకచోట అంచనాకు పది రెట్లకు పైనే పోయింది, ఇంకోసారి పెట్టిన పైసలు పూర్తిగా ఖర్చే కాలేదు. తప్పు ఎక్కువగా రేటు దగ్గర జరగదు, మనుషుల లెక్క దగ్గర, వాళ్లు ఎప్పుడొస్తరు, మళ్లీ ఎన్నిసార్లు వస్తరు అన్న దగ్గర జరుగుతది. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలకు ఫ్లోరైడ్, వలస అనే రెండు సంగతులు అదనం, రాష్ట్ర సగటు పట్టుకొని వేసిన అంచనా ఇక్కడ నిలబడదు.

గుండెకు, కిడ్నీకి ఆరోగ్యశ్రీ ఉన్నప్పుడు పంటికి ఎందుకు లేదు అనే ప్రశ్న కొత్తది కాదు. దాని ఎంబడే ఒక లెక్క కూడా తిరుగుతుంటది: ఒక రూట్ కెనాల్‌కు (పన్ను పీకకుండ లోపలి నరం తీసి నింపుడు) ఇంత, క్యాప్‌కు (పంటి మీద వేసే తొడుగు) ఇంత, జిల్లాల ఇంత మంది, గుణిస్తే ఇన్ని కోట్లు, అంతేగదా, సర్కారుకు ఇదొక లెక్కనా అని. చూడటానికి సక్కగనే ఉంటది గానీ ఈ గుణకారంలో ఉన్న మూడు అంకెలల్ల ఒక్కటి కూడా స్థిరంగా ఉండేది కాదు, స్కీము మొదలు కాంగనే మూడూ కదులుతయి.

ఇప్పుడు ఏముంది, ఏం లేదు

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల మొదలైనప్పుడు ముందుగాల మూడే జిల్లాలు, అందుల మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. తెలంగాణల 2023 డిసెంబర్‌ల దాని పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిన్రు. కేంద్రం 2018ల తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పరిమితి 5 లక్షలు. రెండూ ప్రధానంగా అడ్మిట్ అయ్యి చేయించుకునే వైద్యం కోసం కట్టిన స్కీములు. బైక్ మీదికెళ్లి పడి దవడ ఎముక విరిగితే దారి ఉంటది. పన్ను పుచ్చి రాత్రంతా నిద్ర లేకుంటే ఉండదు, వాళ్లు జనరల్ ఆసుపత్రి డెంటల్ ఓపీకి పోవాలె, లేకుంటే నార్కట్‌పల్లిలనో మహబూబ్‌నగర్‌లనో ఉన్న ప్రైవేట్ డెంటల్ కాలేజీకి, అదీ కాకుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌ల ఉన్న సర్కారు డెంటల్ కాలేజీకి. ఇవేవీ కాకపోతే బజార్ల ఉన్న క్లినిక్, జేబుల ఉన్న పైసలు.

ఇదంతా పట్టించుకోక జరిగిందే అనుకోవడం కూడా పూర్తిగా కరెక్ట్ కాదు. ఇన్సూరెన్స్ లెక్క ఎట్ల నడుస్తదంటే, అరుదుగా వచ్చే, ఒక్కసారిగా మస్తు ఖర్చయ్యే, వాయిదా వెయ్యరాని రోగానికి అందరి పైసలు కలిపి పెట్టుడు. పంటి రోగం దీనికి సరిగ్గా ఉల్టా ఉంటది. దాదాపు అందరికీ వస్తది, ఒక్కోసారి అయ్యే ఖర్చు చిన్నది, ఎన్ని నెలలైనా వాయిదా వేస్తరు, ఒక్కసారి చేయించిన పని మళ్లీ కొన్నేండ్లకు చేయించాలె. అందుకే 10 లక్షల పరిమితి అనేది పంటికి సంబంధించి అర్థం లేని అంకె, ఎవరికీ అంత కాదు. ఆపరేషన్ల కోసం తయారైన మోడల్‌ను తెచ్చి పంటికి తొడిగితే మొదటి తప్పు అక్కడే మొదలైతది.

రిజిస్టర్ల ఉన్నది సగం కూడా కాదు

అంచనాలు వేసేటోళ్లకు ముందు దొరికేది పాత డేటా. మండలంల ఉన్న పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఓపీ రిజిస్టర్ ఎట్ల ఉంటదో చూస్తే సంగతి అర్థమైతది. వరుస నంబర్, పేరు, వయసు, ఊరు, బాధ అన్న కాడ "పంటి నొప్పి", పక్కన పారాసెటమాల్, అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, చివర్ల "రిఫర్". ఏ పన్ను, ఎన్ని పండ్లు, ఎంత లోతు పుచ్చింది, దీనికి గడి లేదు. అదే మనిషి అదే పన్నుతోని రెండు నెలలకు మళ్లొస్తే ఇంకో కొత్త నంబర్, అంటే లెక్కల ఇద్దరు. లవంగం పెట్టుకొని, మెడికల్ షాపుల రెండు గోలీలు కొనుక్కొని పనికి పోయినోడు ఏ లెక్కలనూ లేడు. ఇంగ రిఫర్ చేసినోళ్లల్ల ఎంతమంది నిజంగ జిల్లా ఆసుపత్రికి పోయిన్రో చూసేటోళ్లే లేరు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం, ఇవన్నీ ఊహించిన అంకెలే, ఏ మండలానివీ కావు. 50,000 మంది ఉన్న మండలం, ఏడాదికి 1,000 మంది పంటి బాధ అని సర్కారు దవాఖానకు వస్తున్నరు. ఎక్కువ మందికి పీకుడే కాబట్టి సగటున ఒక్కొక్కరికి 800 ఖర్చు అనుకుంటే 8 లక్షలు. ఫైలు మీద ఇదే పోతది, మహా అయితే ఒక 20 శాతం కలుపుతరు. కానీ ఆ మండలంల పెద్దోళ్లు 35,000 మంది ఉంటే, వాళ్లల్ల 40 శాతానికి కనీసం ఒక పుచ్చు పన్ను ఉందనుకుంటే 14,000 మంది. ఫ్రీ అని తెలిసి మొదటి ఏడు అందుల నాలుగో వంతే వచ్చినా 3,500 మంది, మనిషికి రెండు పండ్లు పట్టుకుంటే 7,000 పండ్లు. పీకకుండ సిమెంట్ పెట్టడం (ఫిల్లింగ్), రూట్ కెనాల్ చెయ్యడం కూడా ఉంటయి కాబట్టి సగటు 1,500కు పోయిందనుకుంటే మొత్తం 1 కోటి 5 లక్షలు. 8 లక్షలు ఎక్కడ, ఇదెక్కడ, 13 రెట్లు. ఇందుల గమనించాల్సింది ఏందంటే రేటు రెండింతలు కూడా కాలేదు, కేసులు మాత్రం ఏడింతలైనయి.

సగటు రేటు పెరగడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని చాలా అంచనాలు పట్టించుకోవు. ఇప్పుడు పీకించుకుంటున్నోళ్లల్ల అందరూ పీకించుకోవాలనే వచ్చినోళ్లు కాదు. రూట్ కెనాల్, క్యాప్ కలిపితే వేలల్ల అయితదని చెప్పంగనే "వద్దు సార్, తీసెయ్యున్రి" అన్నోళ్లు ఉంటరు. పైసలు అడ్డం లేకపోతే వాళ్లు పన్ను ఉంచుకుంటరు. అంటే ఇయ్యాల్టి రిజిస్టర్ల పీకుళ్లు ఎక్కువ కనపడేది రోగం అట్ల ఉన్నందుకు కాదు, జేబు అట్ల ఉన్నందుకు. ఆ డేటా పట్టుకొని రేపటి స్కీముల కూడా పీకుళ్లే ఎక్కువుంటయని రాసుకుంటే అంచనా మొదటి మూడు నెలల్లనే కూలుతది.

ఇట్ల తప్పినోళ్లు ఇంతకుముందే ఉన్నరు

బ్రిటన్‌ల 1948 జులైల ఎన్‌హెచ్‌ఎస్ (అందరికీ సర్కారే నడిపే వైద్య వ్యవస్థ) మొదలైనప్పుడు పంటి వైద్యం కూడా ఫ్రీగనే పెట్టిన్రు. ఏండ్ల తరబడి ఆపుకున్నోళ్లంతా ఒక్కసారిగా వచ్చిన్రు, కట్టుడు పండ్లకు, కండ్లద్దాలకు అయిన ఖర్చు అంచనాలను దాటిపోయింది. 1951ల కట్టుడు పండ్లకు చార్జీ పెట్టాలని నిర్ణయిస్తే, ఆ ఎన్‌హెచ్‌ఎస్‌ను కట్టిన అన్యూరిన్ బెవాన్ మంత్రి పదవికి రాజీనామా చేసిండు. మరుసటేడు మామూలు పంటి వైద్యానికి కూడా ఒక పౌండు చార్జీ వచ్చింది. ఆ మొదటి ఏండ్ల పోటు కొన్నాళ్లకు తగ్గే రకమే, ఎందుకంటే కట్టుడు పండ్ల సెట్టు ప్రతి ఏడూ చేయించుకోరు గదా. కానీ పాత బాకీ ఏది, ఏటేటా వచ్చే కొత్త ఖర్చు ఏది అని బడ్జెట్ పుస్తకంల విడదీసి రాసుకోకపోతే ఆ పోటు చూసి భయపడి స్కీమునే కోసెయ్యడం జరుగుతది.

ఆస్ట్రేలియా ఉదాహరణ ఇంకా దగ్గరిది. దీర్ఘకాలిక రోగాలు ఉన్నోళ్లకు పంటి వైద్యం అని 2007ల ఒక స్కీము పెంచి పెట్టిన్రు, రెండేండ్లకు మనిషికి 4,250 డాలర్ల దాకా. ఫ్యామిలీ డాక్టర్ రాసిస్తేనే దొరుకుతది కాబట్టి కొద్దిమందే వస్తరని లెక్క. ఏడాదికి 9 కోట్ల డాలర్లు అనుకున్నది నెలకు 8 కోట్ల డాలర్ల దాకా పోతుందని అక్కడి సర్కారే చెప్పి 2012 నవంబర్ చివర్ల మూసేసింది. డాక్టర్ చీటీ అనేది గేటు లెక్క ఆపుతదనుకున్నరు, కానీ చీటీ రాసే డాక్టర్‌కు ఆపాల్సిన అవసరం ఏముంది, ఆయన పైసలు కావు గదా. పైగా క్యాప్, బ్రిడ్జ్ లాంటి ఖరీదు పనులకు ముందస్తు అనుమతి లేకపాయె.

కెనడాల అయితే స్కీము మొదలు కాకముందే అంకె మారింది. 2022 బడ్జెట్‌ల ఐదేండ్లకు 530 కోట్ల డాలర్లు అన్నరు, మరుసటేడు బడ్జెట్‌కే అది 1,300 కోట్లయింది. కొన్నాళ్లు రాజకీయంగా తిట్లు పడ్డయి గానీ, మోడల్ తప్పని తలుపు తెరవకముందు తెలిసుడే నయం, తెరిచినంక తెలిస్తే ఆస్ట్రేలియా లెక్క మూసుకోవాలె.

పైసలు మిగిలినా తప్పే

ఇదే ఆస్ట్రేలియా 2014ల పిల్లల కోసం ఇంకో స్కీము తెచ్చింది, రెండేండ్లకు ఒక్కో పిల్లకు 1,000 డాలర్ల పరిమితి. ఈసారి ఉల్టా అయింది, అర్హత ఉన్న పిల్లల్ల సగం మంది కూడా వాడుకోలేదు. ఒకే దేశం, ఒకే రోగం, ఒకసారి పదింతలు దాటింది, ఇంకోసారి సగం కూడా ఖర్చు కాలేదు.

దక్షిణ తెలంగాణల ఈ రెండో తప్పు జరిగే అవకాశమే ఎక్కువ. పైన చెప్పిన 7,000 పండ్లకు సగటున రెండు సిట్టింగులు (డాక్టర్ కుర్చీల కూర్చునే విడతలు) పట్టుకుంటే 14,000 సిట్టింగులు. ఒక డెంటిస్ట్ రోజుకు 12 మందిని చూసి నెలకు 25 రోజులు కూర్చుంటే ఏడాదికి 3,600. అంటే నలుగురు డెంటిస్టుల పని. ఒక్కరే ఉంటే మిగతా మూడొంతులు జరగనే జరగదు, పైసలు అట్లనే ఉంటయి, మార్చి వచ్చేసరికి "నిధులు ఖర్చు కాలేదు, డిమాండ్ లేదు" అని రాసి మరుసటి ఏడుకు కోస్తరు. బయట లైన్ల నిలబడ్డోళ్లు ఎంతమంది, తేదీ దొరకక తిరిగిపోయినోళ్లు ఎంతమంది అన్న లెక్క ఎక్కడా ఉండదు కాబట్టి ఆ మాటను కాదనేటోళ్లు కూడా ఉండరు.

దీనికి వలస తోడైతది. నారాయణపేట, మక్తల్, కోస్గి దిక్కు నుంచి పనుల కోసం ముంబై, పుణె పోయేటోళ్ల సంగతి తెలిసిందే. రేషన్ కార్డు ఊర్ల ఉంటది, నొప్పి ఇంకో రాష్ట్రంల వస్తది. కార్డుల ప్రకారం బడ్జెట్ పంచితే ఏడాదిల సగం నెలలు లేని మనుషులకు కూడా పైసలు కేటాయించినట్టు, వాళ్లు పండగకో పెండ్లికో వచ్చిన వారం రోజుల్ల మాత్రం కుర్చీ దొరకదు. రూట్ కెనాల్‌తోని ఇంకో చిక్కు, మొదటి సిట్టింగ్‌ల నరం తీసెయ్యంగనే నొప్పి పోతది, నొప్పి పోయినంక కూలి ఇడిచిపెట్టి, బస్సు కిరాయి పెట్టుకొని రెండోసారి ఎవరొస్తరు? పైన తాత్కాలికంగా పెట్టిన సిమెంట్ ఊడిపోయి కొన్ని నెలలకు అదే పన్ను మళ్లీ చీము పడ్తది, ఈసారి పీకుడే. మొదటి సిట్టింగ్ ఖర్చు పోయింది, పన్ను కూడా పోయింది, కాయితం మీద మాత్రం రెండు వైద్యాలు జరిగినయి.

ఫ్లోరైడ్: నిల్వ ఉన్న బాకీ, కొత్తగా పడే బాకీ

నల్లగొండ జిల్లాల మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు గార పట్టిన పండ్ల సంగతి రాష్ట్రమంతా తెలుసు. ఖర్చు మోడల్ మాత్రం ఇక్కడ రెండు దిక్కులా తప్పొచ్చు.

పంటి మీది ఎనామిల్ చిగురు లోపల ఉన్నప్పుడే తయారైతది, జ్ఞాన దంతాలు ఇడిచిపెడితే దాదాపు ఎనిమిదేండ్ల వయసుకల్లా ఆ పని అయిపోతది. ఆ ఏండ్లల్ల తాగిన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎనామిల్ సరిగ గట్టిపడదు, తెల్ల మచ్చలు, తర్వాత గోధుమ రంగు, ముదిరితే గుంటలు పడి పెచ్చులూడుడు. ఆ తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా ఆ పన్ను మారదు. పెద్దయినంక ఈడికొచ్చి బోరు నీళ్లు తాగినోనికి ఎముకల సమస్య రావొచ్చు గానీ పంటికి ఈ గార రాదు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దారి లేకపోతే 1.5 దాకా.

2015ల చౌటుప్పల్‌ల పైలాన్ వేసి ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ మొదలుపెట్టిన్రు, 2020 నాటికి తెలంగాణల ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు సున్నా అని కేంద్రం లెక్కల్ల చూపింది. దీన్ని చూసి సమస్య అయిపోయింది కాబట్టి ఖర్చు రాయనక్కర లేదంటే అది ఒక తప్పు. నల్లా వచ్చేనాటికి ఏడేండ్లున్న పిల్లకు ముందటి పండ్ల ఎనామిల్ అప్పటికే తయారై ఉంటది, ఆ పిల్ల ఇంకా యాభై ఏండ్లకు పైనే ఆ పండ్లతోని బతకాలె. ఒక క్యాప్ మామూలుగా 10 నుంచి 15 ఏండ్లు వస్తదనుకుంటే, ఇరవై ఏండ్ల వయసుల మొదటిసారి వేయిస్తే అరవై ఏండ్లు వచ్చేలోపు ఇంకో రెండు మూడు సార్లు మార్చాల్సి ఉంటది. స్కీము లెక్క మాత్రం ఒక్క క్యాప్ ధర రాసి మూసేస్తది. ఇంగ రెండో తప్పు, పాత సర్వేల ఉన్న శాతాన్ని తీసుకొని ప్రతి ఏడూ పుట్టే పిల్లలకు కూడా అదే శాతం పెట్టుడు. నల్లా నీళ్లు నిజంగనే తాగుతుంటే కొత్తగా వచ్చేటోళ్లు బాగా తగ్గాలె. మరి నిజంగనే తాగుతున్నరా, నల్లా రాని రోజు ఏం తాగుతున్నరు, వంటకు, చాయకు ఏ నీళ్లు వాడుతున్నరు అన్నది ఊరూరికి మారుతది, సున్నా ఆవాసాలు అనే మాట పైపు వేసినదాన్ని చెప్తది గానీ కడుపులకు పోయినదాన్ని చెప్పదు. అందుకే పుట్టిన ఏడు వారీగా విడదీయకుండ ఈ మండలాలకు ఏ అంచనా వేసినా అది అంచనా కాదు, ఊహ.

ఎంతమందికి గార ఉందో అంతమందికి వైద్యం కావాలె అనుకోవడం ఇంకో పొరపాటు. ఫ్లోరైడ్‌తోని వచ్చే ఈ గారనే ఫ్లోరోసిస్ అంటరు, దాన్ని కొలవడానికి ట్రెండ్లీ డీన్ అనే అమెరికా డెంటిస్ట్ పేరు మీద ఉన్న స్కేలు ఇప్పటికీ వాడుతరు, అనుమానం నుంచి తీవ్రం దాకా మెట్లు ఉంటయి. తక్కువ మెట్ల మీద ఉన్న పండ్లకు వైద్యపరంగ చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు, అవి మామూలుగా నములుతయి. కానీ పెండ్లి సంబంధాల కాడ, ఇంటర్వ్యూల కాడ నోరు తెరవనీకి సిగ్గుపడేది కూడా ఆ పండ్లే. దాన్ని స్కీముల అందం కోసం చేసుకునే పనిగా రాస్తరా, వైద్యంగా రాస్తరా అన్నది డాక్టర్ నిర్ణయం కాదు, సర్కారు నిర్ణయం, ఆ ఒక్క గీత ఎక్కడ గీస్తరు అన్నదాన్ని బట్టే ఖర్చు ఎన్నో రెట్లు మారుతది. గీత గీయకుండ "ఫ్లోరోసిస్ బాధితులకు ఉచిత వైద్యం" అని జీవోల ఒక్క లైను రాస్తే దాని ధర ఎవరూ చెప్పలేరు.

సాంకేతికంగ ఇంకో చిన్న సంగతి, ఖర్చు దగ్గర పెద్దది. పంటి రంగు సిమెంట్ అంటుకోవాలంటే ముందు ఆమ్లంతోని ఎనామిల్‌ను కొంచెం గరుకు చేస్తరు. ఫ్లోరోసిస్ ముదిరిన ఎనామిల్ మీద ఆ పట్టు సరిగ దొరకదు, తొందరగ ఊడుతది. హైదరాబాద్‌ల చేసిన ఫిల్లింగ్ ఎన్నేండ్లు వస్తదో చూసి మర్రిగూడల కూడా అంతే వస్తదని రాసుకుంటే, మళ్లీ చేసే ఖర్చు లెక్కకు రాదు.

రేటు లిస్టు డాక్టర్‌ను ఎట్ల మారుస్తది

ఇంగ్లాండ్‌ల 2006ల కొత్త కాంట్రాక్ట్ తెచ్చి పంటి పనులన్నిటినీ మూడు బ్యాండ్లుగా చేసిన్రు. డెంటిస్ట్‌కు పైసలు యూనిట్ల లెక్కన ఇస్తరు: చూసి క్లీన్ చేస్తే 1 యూనిట్, ఫిల్లింగ్, రూట్ కెనాల్, పీకుడు అయితే 3, క్యాప్, కట్టుడు పండ్లు అయితే 12. చిక్కు ఏందంటే ఒక ఫిల్లింగ్ చేసినా ఆరు ఫిల్లింగ్‌లు చేసినా అదే 3 యూనిట్లు, గంటకు పైగా కూర్చొని దవడ పంటికి రూట్ కెనాల్ చేసినా 3, పది నిమిషాల్ల పీకేసినా 3. నోరంతా పాడైన పేషంట్ అంటే డెంటిస్ట్‌కు నష్టం. పదహారేండ్లు గడిచినంక 2022ల ఎక్కువ ఫిల్లింగ్‌లకు 5, దవడ రూట్ కెనాల్‌కు 7 యూనిట్లు చేసిన్రు. అంచనా వేసేటప్పుడు పాత పనుల కలయికనే కొత్త రేట్ల కింద కూడా నడుస్తదనుకున్నరు, రేటు మారితే పని మారుతది అన్నది మరిచిపోయిన్రు.

ఇక్కడ ప్యాకేజీ రేట్లు పెడితే కూడా ఇదే జరుగుతది. రూట్ కెనాల్‌కు ఇచ్చి క్యాప్‌కు ఇయ్యకపోతే క్యాప్ లేని పన్ను కొన్నాళ్లకు పగులుతది. క్యాప్‌కు మంచి రేటు పెట్టి సిమెంట్‌కు తక్కువ పెడితే చిన్న పుచ్చుకు కూడా క్యాపే వేస్తరు. క్యాప్ తయారయ్యేది క్లినిక్‌ల కాదు, అచ్చు తీసి ల్యాబ్‌కు పంపుతరు, ల్యాబ్ బిల్లు సర్కారు పైసలు వచ్చేదాకా ఆగదు.

కుర్చీ కొంటరు, నడిపే పైసలు రాయరు

దవాఖానకు డెంటల్ చెయిర్ ఇచ్చినప్పుడు ఫోటో దిగుతరు, కంప్రెసర్ చెడిపోయినప్పుడు దిగరు. సూదులు, ఫైల్స్, మత్తు ఇంజెక్షన్, ఎక్స్‌రే సెన్సార్, పనిముట్లను ఆవిరితోని క్రిములు లేకుండ చేసే ఆటోక్లేవ్, కరెంటు పోతే ఇన్వర్టర్, ఇవన్నీ ఏటేటా ఖర్చు, ఇందుల ఏది ఆగినా కుర్చీ ఆగుతది, జీతం మాత్రం నడుస్తది. ఏడాదికి జీతాలు, నిర్వహణ కలిపి 18 లక్షలు అనుకుంటే 3,600 సిట్టింగులకు ఒక్కోదానికి 500 పడ్తది, కంప్రెసర్ ఆరు నెలలు మూలకుంటే దగ్గరదగ్గర 1,000. ఈ అనుభవం జిల్లాకు పాతదే. నీరి అనే కేంద్ర పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని చదువుకున్న నీటి శుద్ధి పద్ధతిల వాడేది ప్రధానంగా పటిక, సున్నమే, చవకే, కానీ రోజూ మోతాదు చూసి కలిపే మనిషి కావాలె, అడుగున పేరుకున్న మడ్డి తీసి పారెయ్యాలె. అంటే కట్టడానికి అయ్యే ఖర్చు కన్నా నడపడానికి అయ్యే ఖర్చే అసలు ఖర్చు.

ప్రైవేట్ క్లినిక్‌లను కలుపుకొని నడిపిద్దామంటే బకాయిల సంగతి వస్తది. పెద్ద కార్పొరేట్ దవాఖానలున్న ఆరోగ్యశ్రీలనే బకాయిలు రాలేదని 2025ల నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినయి. దేవరకొండలనో కల్వకుర్తిలనో ఒక డెంటిస్ట్, ఒక అసిస్టెంట్, రెండు కుర్చీలతోని నడిచే క్లినిక్ ఆరు నెలల బిల్లులు ఆగితే తట్టుకోలేదు. మొదట చేరుతరు, రెండో ఏడు స్కీము పేషంట్లకు తేదీలు దూరం ఇస్తరు, మూడో ఏడు బోర్డు తీసేస్తరు. అంచనాల కాయితంల చేరిన క్లినిక్‌ల సంఖ్య ఉంటది గానీ ఆగిన బిల్లుల మీద వాళ్లు మోసే వడ్డీ ఉండదు, అది చివరికి కలిసేది క్యాప్ నాణ్యతలనో, స్కీముల ఉన్నా "మెటీరియల్ చార్జీ" అని పేషంట్ దగ్గర విడిగా తీసుకునే పైసలల్లనో.